ఐసుపెట్టెలో అక్షరాలు

మొన్న గాలివాన వెలిసిన పొద్దున బాపట్ల నుంచి బాబాయి ఫోను చేశాడు. కూతురి దగ్గరికి మకాం మార్చినప్పటి నుంచీ, సూర్యలంక సముద్రం వైపు గాలి లేస్తే చాలు, ఆయన వేలు నా నంబరు మీద పడుతుంది. "ఏరా, ఉన్నాయా?" అన్నాడు. "నేనున్నాను బాబాయ్, ఇంటి పైకప్పు కూడా ఉంది" అన్నాను. "నీకేంరా, గుండ్రాయిలా ఉంటావు. అవి ఉన్నాయా అని అడుగుతున్నా." అవి అంటే రేపల్లెలో ఒక చర్చి గోడ మీద మేమిద్దరం అంటించిన ప్లాస్టిక్ అక్షరాలు, ఆ చర్చి పేరు. వాటికి మేకు లేదు, మర లేదు. వెనక ఫోమ్ టేపు ఉంది, అంతే. చూసొచ్చి చెబుతానని తెనాలిలో రేపల్లె రైలెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఇంకేం, నాతోపాటు పాత సంగతులన్నీ టిక్కెట్టు లేకుండా ఎక్కేశాయి.

తెనాలిలో బాబాయి కుంచె తగలని కొట్టు ఉండేది కాదు. నేను ఎనిమిదో తరగతిలో బడికి దణ్ణం పెట్టి ఆయన దగ్గర చేరాను. నల్లబల్ల మీద ఎక్కని అక్షరాలు రేకు మీద చక్కగా ఎక్కాయి. చాలా ఏళ్ల తర్వాత ఆయన చెయ్యి వణకడం మొదలైంది. సున్నా చుడితే వంకాయ వచ్చేది. అప్పటికి మా బోర్డుల కొట్టు నా చేతికొచ్చింది, కొట్లోకి లేజర్ మిషనూ వచ్చింది. ఇక ఇంట్లో కూర్చోమని పిన్ని పోరు పెడుతుంటే, మిషను నేను నడుపుతానని ఆయన మొండికేశాడు. సరిగ్గా అప్పుడే రేపల్లె పని వచ్చింది. చర్చి ముందు గోడకి కొత్తగా గ్రానైటు వేయించారు. "రాయికి ఒక్క చిల్లు కూడా పడకూడదండి" అన్నారు అయ్యగారు. పాస్టరుగారిని అక్కడ అలాగే పిలుస్తారు. చిల్లు వద్దంటే టేపే గతి. "ఇవి నిలబడితే నేనూ కొట్లో నిలబడతా. ఒక్కటి రాలినా మీ పిన్ని మాటే నెగ్గినట్టు" అన్నాడు బాబాయి. ఇంట్లో కూర్చోవడమంటే ఆయన లెక్కలో జైలు కన్నా ఒక మెట్టు ఎక్కువ. జైల్లో మధ్యాహ్నం సీరియళ్లుండవు కదా.

ఫోమ్ టేపంటే రెండువైపులా జిగురుండే మెత్తటి స్పాంజి. ముక్కలు కత్తిరించి అతికిస్తే సందుల్లోకి వాన దూరుతుంది, గాలి వేలు పెట్టి పీకుతుంది. అందుకని అక్షరం ఎంతుందో టేపూ అంతే ఆకారంలో, అంచుకి రవ్వంత లోపలికి, లేజర్‌తో కోయాలి. మొదటిసారి వేడి ఎక్కువ పెట్టాం. టైర్లు తగలబెట్టినట్టు పొగ. పక్క కూల్‌డ్రింకు కొట్టు అక్క ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఏంటి తమ్ముడూ, మీ బాబాయిని గానీ తగలేస్తున్నావా?" "నాకింకా టైముందమ్మా" అన్నాడు ఆయన పొగలోంచి. వేడి తగ్గించి, ఒకే గీత మీద మళ్లీ మళ్లీ నడిపించాం. తల వెంట్రుకంత సన్నంగా తెగింది. "అయిపోయింది, పద టీకి" అన్నాడు బాబాయి. అది ఆయన కుంచెనాటి ఆచారం. రంగు వేయగానే టీకి వెళ్లిపోవాలి, లేకపోతే చేతులు ఊరుకోక తడిరంగు మీద పడతాయి. తిరిగొచ్చేసరికి రంగు ఆరి ఉంటుంది. టేపుకి ఈ ఆచారం ఎవరూ చెప్పలేదు. మేం వచ్చేసరికి తెగిన అంచులు రెండూ మళ్లీ కావలించుకుని కూర్చున్నాయి. లాగితే బెల్లం పాకంలా తీగలు. మిషను కోయలేదనుకుని మళ్లీ కోశాం. కోసి మళ్లీ టీకే వెళ్లాం. మళ్లీ పాకమే. బాబాయి కుర్చీలో కూలబడి, "మీ పిన్నికి ఫోన్ చెయ్, సీరియల్ ఎన్నింటికో కనుక్కో" అన్నాడు. నవ్వబోయి, ఆయన మొహం చూసి, తీగలు ఏరడంలో పడ్డాను.

ఖాళీ సీసాలకని వచ్చిన అక్క ఆ తీగలు చూసి, "మా చంటాడి జుట్టుకి బబుల్‌గమ్ అంటుకుంటే ఐసు పెట్టానండీ, పొడిపొడిగా ఊడొచ్చింది" అంది. బాబాయి కుర్చీలోంచి లేచిన తీరు చూస్తే ఆయనకి మోకాళ్ల నొప్పులున్నాయని ఎవరూ నమ్మరు. ఈసారి కోయగానే ఆ టేపు షీటు తీసుకెళ్లి అక్క ఐసుపెట్టెలో సోడాల పక్కన పడుకోబెట్టి, మేం టీకి వెళ్లాం. వచ్చి పట్టుకుంటే జిగురు బిర్రబిగిసి ఉంది. ముక్కలు అప్పడం విరిగినట్టు శుభ్రంగా విడిపోయాయి. "చూశావా, తప్పు టీది కాదు" అన్నాడు బాబాయి. ఆ ఒక్క మాటతో ఆయన మొహంలో రక్తం తిరిగొచ్చింది.

టేపు చల్లదనం పోయాక, తడి లేకుండా తుడిచి, అక్షరాల వెనక అతికించి, రేపల్లె తీసుకెళ్లి గోడకి అంటించాం. ఒక్కో అక్షరాన్నీ అరచేత్తో రుద్దుతూ నొక్కాలి. దానికి బాబాయి వణుకుడు చెయ్యి బ్రహ్మాండంగా పనికొచ్చింది. ఆయన పెట్టడమే, రుద్దడం దానంతటదే జరిగిపోయింది. కొత్త గోడ ప్రారంభం ఆదివారం. జనమంతా లోపలికి వెళ్లినా బాబాయి గోడ కిందే తలెత్తి నిలబడ్డాడు. "లోపలికి రండి, బయట ఎండగా ఉంది" అన్నారు అయ్యగారు. "పర్లేదండి, నా ప్రార్థన ఇక్కడే బావుందండి." ఆకాశం వైపు చూస్తున్న ఆ భక్తికి అయ్యగారు కరిగిపోయారు. ఆయన చూస్తున్నది ఆకాశాన్ని కాదని నాకు మాత్రమే తెలుసు. పాటలు అయ్యాయి, వాక్యం, అదే అయ్యగారి ప్రసంగం, అయ్యింది, ఆఖరికి భోజనాలూ అయ్యాయి. ఏదీ రాలలేదు. మర్నాడు పొద్దున నేను తాళంచెవి తీసుకుని వెళ్లేసరికి, బాబాయి కొట్టు మెట్ల మీద కూర్చుని నన్ను ఆలస్యమైందని తిడుతున్నాడు.

రైలు దిగి చర్చి దాకా నడిచాను. దారిలో ఫ్లెక్సీలన్నీ చిరిగి కరెంటు తీగల మీద ఆరేసినట్టున్నాయి. చర్చి గోడ తడిసి నిగనిగలాడుతోంది. అక్షరాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎందుకైనా మంచిదని ఒకదాన్ని గోటితో మెల్లిగా లాగి చూశాను, గోరు విరిగింది. "ఉన్నాయి బాబాయ్" అన్నాను ఫోనులో. అవతల గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు, ఆ వెంటనే "అమ్మాయ్, టీ పెట్టు" అన్న కేక వినిపించాయి.

ఇన్నేళ్లలో మా ఇళ్లల్లో వదులైనవే ఎక్కువ, మంచం నవారు, తలుపు గడియ, బాబాయి పళ్లు. కాలం గడిచేకొద్దీ బిగిసినవి రెండే: నా చొక్కాలు, ఆ గోడమీది అక్షరాలు.