తరుగు తీసే జయన్న

జయన్న దేన్ని చూసినా తరుగు తీస్తాడు. అది అతని పనిలో భాగమని మొదట్లో అనుకున్నాను. తర్వాత తెలిసింది, జబ్బని.

ఆదోనిలో కరీం సాబ్ పత్తి మండీలో జయన్న కాటా వేసే మనిషి. పత్తిలో తేమ ఉందనో, చెత్త ఉందనో తూకంలో కాస్త తగ్గించి రాస్తారు చూడండి, దాన్నే మేము తరుగు అంటాం. రైతుల దగ్గర మాత్రం జయన్న తరుగు తీయాలంటే తన ప్రాణమే పోతున్నట్టు గింజుకుంటాడు. అక్కడ తీయకుండా మిగిలిందంతా తెచ్చి మా మీద తీస్తాడు.

"నిన్న వాన దంచి కొట్టింది జయన్నా" అంటే, "తరుగు తీసి సెప్పక్కా, తుంపరే కదా" అంటాడు. ఇంట్లో వాళ్లావిడ అంజినమ్మ నోరు చేసుకుంటే, అందులో సగం ఎండకు వచ్చిన కోపమని తీసేసి మిగతా సగానికే బదులిస్తాడు. మండీ ఎదురుగా ఉన్న ఉగ్గాని బజ్జి హోటలు నాది. "మహాదేవక్కా, నీ బజ్జీలను ఊరంతా మెచ్చుకుంటాండారు. నీ సుట్టాల మాట తరుగు తీసేసినా బాగానే ఉండాయి" అన్నాడొకసారి. అది పొగడ్తో తిట్టో నాకు ఇంతవరకూ తేలలేదు.

కరీం సాబ్ బీడీ ఆరకముందే ఇంకో బీడీ ముట్టించే రకం. పాపం, మంచి నవ్వు మనిషి. కానీ నవ్వు సగంలోనే దగ్గయిపోయేది. ఊపిరితిత్తులు చెడిపోతున్నాయని, బీడీ మానకపోతే మనిషి దక్కడని డాక్టరు చెప్పినప్పుడు ఆయన భార్య హజరా బీ నా హోటల్లోకి వచ్చి, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

మానలేడా అంటే, మానాడు. పోయినేడాది మానాడు. మానీ మానగానే ఆకలి విరుచుకుపడింది. బీడీ బదులు ఒక బజ్జీ, ఆ బజ్జీకి తోడు ఇంకో బజ్జీ. పొట్ట ముందుకొచ్చింది. మండీ హమాలీ మాదన్న ఒకరోజు, "దారి ఇడవండప్పా, దూదిబేలు వస్తాండాది!" అన్నాడు. దూదిని కుక్కి కట్టిన బేలులాగే ఉన్నాడని అందరూ పగలబడి నవ్వారు. పరువు గల మనిషి, తట్టుకోలేకపోయాడు. సాయంత్రానికి బీడీకట్ట జేబులోకి వచ్చింది.

"బీడీ మానితే లావైతాను. లావైతే నవ్వుతారు" అని అప్పటినుంచీ అదే పాట. "కాస్త లావైతే కొంపలేం మునగవయ్యా, పొగే నిన్ను మింగుతుంది" అని డాక్టరు చెప్పినా చెవికెక్కలేదు.

అప్పుడు కల్పించుకున్నాడు మా జయన్న.

"సాబ్, నేనూ మానేస్తా. ఇద్దరం కలిసి మానుదాం. నువ్వెట్లా లావైతావో నేను సూస్తా. కాటా నా సేతిలో ఉండాది."

"నువ్వా? బీడీ లేకుంటే తిన్న సంగటి అరగదంటివే!"

"అరగకపోతే ఆడ్నే పడి ఉండనీ సాబ్."

మొదలైంది మాకు వినోదం. పొద్దున్నే ఇద్దరూ మండీ నుంచి రైల్వే స్టేషను దాకా నడక. చేతిలో బొరుగులు, దోసకాయ ముక్కలు. తిరిగొచ్చాక పత్తి కాటా మీద తూకం. అంకెలు కనపడే డబ్బా కాటా వేసేవాడి వైపే ఉంటుంది. ముందు జయన్న ఎక్కి, మెడ సాచి తన బరువు తనే చూసుకునేవాడు.

"సెప్పుల బరువు తరుగు. తడిసిన బనీను తరుగు. తాగొచ్చిన నీళ్లు తరుగు."

"మీసం తియ్యలేదేమప్పా?" అన్నాను హోటల్లోంచి.

"మరిసిపోయినాను, అదీ తరుగే!"

ఆకలికి ఆగలేక నా దగ్గరికొచ్చి మిరపకాయ బజ్జీ తీసుకునేవాడు. పైనున్న పిండంతా ఒలిచి పక్కన పెట్టి, ఉత్త మిరపకాయ నమిలి, కళ్లనీళ్లు పెట్టుకుంటూ పోయేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. బజ్జీకి అంతకన్నా అవమానం ఉంటుందా?

తర్వాత కరీం సాబ్ ఎక్కేవాడు. జయన్న డబ్బా వైపు చూసి, "సాబ్, గోరంత కూడా పెరగలేదు!" అని మండీ అంతా వినపడేలా అరిచేవాడు. సాబ్ మాదన్న వైపు మహారాజులా ఒక చూపు చూసి దిగేవాడు.

ఒక మధ్యాహ్నం హజరా బీ వచ్చి కూర్చుంది. వేళ్ల నిండా సూది పోట్లు.

"అక్కా, మీ జయన్న నా పానం తీస్తాండాడు. సాబ్ సూడకుండా జుబ్బాల కుట్లు ఇప్పి వదులు సెయ్యమంటాడు. ఇప్పేదానికి కుట్లే మిగల్లేదు."

పోయి జయన్నను నిలదీశాను. "ఏమప్పా, సాబ్ లావవుతున్నాడా?"

"అయితాండాడు. నేను తరుగు తీసి సెప్తాండా."

"అది అబద్ధం కదా?"

"బీడీ మానినోడికి ఆ మాత్రం తరుగు తియ్యకపోతే ఎట్లక్కా? సత్యం సెప్తే మళ్లీ ముట్టిస్తాడు. లావు తగ్గించుకోవచ్చు, మనిషి పోతే యాడ తెస్తాం?"

ఒలిచిన బజ్జీలన్నీ ఆ క్షణమే క్షమించేశాను.

మరి నిజం ఎన్నాళ్లు దాగుతుంది? డాక్టరు దగ్గరికి పోయినప్పుడు అక్కడి కాటా ఎక్కించారు. సాబ్ అక్కడి నుంచి నేరుగా మండీకి వచ్చిపడ్డాడు. వెనకే హజరా బీ పరుగు.

"జయన్నా! ఆస్పత్రి కాటా ఒకటి సెప్తాది, మన కాటా ఒకటి సెప్తాది. నా మండీలో దొంగ కాటానా?"

జయన్న పత్తి బోరేల వెనక నుంచి వచ్చాడు. "కాటా నికార్సైనదే సాబ్. నా నోరే దొంగది."

సాబ్ ముఖం నల్లబడింది. అందరి ముందూ మళ్లీ నవ్వులపాలయ్యాననుకున్నాడు. మాదన్న వైపు చెయ్యి చాచాడు. "ఒక బీడీ ఇయ్యిరా."

హజరా బీ గోడ పట్టుకుంది. జయన్న కళ్లు మూసుకున్నాడు. మాదన్న బీడీకట్ట తీశాడు, చూశాడు, మళ్లీ నడుములో దోపుకున్నాడు.

"ఇయ్యను సాబ్. మా దూదిబేలు మాకు కావాల."

సాబ్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని తన పొట్ట వైపు చూసుకున్నాడు. తర్వాత కరీం సాబ్ నవ్వాడు. పొట్ట ఎగిరెగిరి పడేలా, గుండీలు తెగేలా నవ్వాడు. దగ్గు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని హజరా బీ చెవులు రిక్కించి నిలబడింది. రాలేదు. నవ్వు నవ్వుగానే అయిపోయింది. "యా అల్లా" అంటూ ఆమె అక్కడే కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు.

"ఇప్పుడైనా నిజం సెప్పురా, ఎంత పెరిగినాను?" అన్నాడు సాబ్ కళ్లు తుడుచుకుంటూ.

జయన్న భయపడుతూ చెప్పాడు.

"అంతేనా? దీనికా నాతో ఇన్ని దోసకాయలు తినిపిస్తివి!"

జయన్న భుజం మీద చెయ్యేసి నేరుగా నా హోటలుకే లాక్కొచ్చాడు. వెనకనుంచి హజరా బీ కేక: "అక్కా, ఆయనకు ఒకటే!"

సాబ్‌కు ఒకటే పెట్టాను. జయన్నకు మాత్రం పళ్లెం నిండా పెట్టి, ఎదురుగా నిలబడి, పిండితో సహా తినేదాకా కదల్లేదు.