కంబళి కింద గుడ్లు

మా అనంతపురం వైపు వాన పడితే మనిషి ఆలోచించడు, విత్తుతాడు. నేలలో పదును మూడు రోజులు నిలిస్తే గొప్ప. ఆ ఏడు కళ్లు కాయలు కాసేలా చూశాక వాన కురిసింది. తెల్లారే నాయన వేరుశనగ విత్తడానికి గొర్రు కట్టాడు. రెండో సాలుకే గట్టు వారన మట్టి లేచి, మెత్తటి తెల్లని గుడ్లు ఎనిమిది బయటపడ్డాయి.

మా అవ్వ వెళ్లి గొర్రుకు అడ్డంగా కూర్చుంది. "నాగులవి. పిల్లలయ్యేదాకా చేన్లో ఇనుము దిగగూడదు."

చచ్చిన గుడ్లయితే మాత్రం విత్తుకోవచ్చట. నాయన నాకు ఫోన్ చేశాడు. కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను కాబట్టి వాటి చావుబతుకులు తేల్చే పని నాదే.

నేను బస్సు దిగి చేను చేరేసరికి మధ్యాహ్నం. నాయన నిమిషానికోసారి పిడికెడు మట్టి పిసికి చూసుకుంటున్నాడు. సగం ఊరు గట్టు మీదే ఉంది. ఒకాయన కొబ్బరికాయ కూడా తెచ్చాడు.

"అవ్వా, ఇవి తొండ గుడ్లు," అన్నాను.

"ఏమప్పా, తొండ వచ్చి నీతో చెప్పిందా?"

గుడ్డుకు ఫోన్ లైటు ఆనించి చూస్తే, ప్రాణముంటే లోపల ఎర్రటి నరాలు కనిపిస్తాయి. దానికి చీకటి కావాలి. గొర్రెల కాపరి కంబళి అడిగి తెచ్చి, నన్నూ గుంతనూ కలిపి కప్పేశారు. ఆ ఉక్కకు, ఆ వాసనకు ముందు చచ్చేది నేనేననిపించింది. ఇవి కోడిగుడ్లు కావు, తిప్పితే లోపలి పిల్ల చస్తుంది. అందుకే పైభాగం పైకే ఉంచి ఒక్కొక్కటీ ఎత్తాను. ఎనిమిదింటిలోనూ ఎర్రటి దారాలు. ఒకదాంట్లో ఆవగింజంత గుండె కొట్టుకుంటోంది.

"ఏమైందిరా? మన్ను ఆరిపోతాండాది," బయటినుంచి నాయన కేకేశాడు.

"చచ్చిపోయినాయి నాయనా," అన్నాను. ఇన్నేళ్ల నౌకరీలో అంత పచ్చి అబద్ధం ఆడలేదు. సిగ్గేసింది.

"జరుగు, నన్ను చూడనీ," అంటూ అవ్వ నా ఫోను లాక్కుని, నన్ను బయటికి నెట్టి కంబళిలో దూరింది. పోయినేడే శుక్లాలు తీయించిన కళ్లు. ఎంతకీ బయటికి రాలేదు. నాయన మరో పిడికెడు మట్టి పిసికి చూసుకున్నాడు.

చివరికి తల బయట పెట్టింది. "చచ్చిపోయినాయి. గొర్రు తోలండి. ఈ మూల మాత్రం ఇడిసిపెట్టండి, చచ్చినవాటి మీద ఇత్తనం ఎయ్యగూడదు."

అలాంటి ఆచారం మా ఇంట్లో నేనెన్నడూ వినలేదు. నాయన అప్పటికే ఎద్దుల దగ్గరికి పరిగెత్తాడు.

అవ్వ నా చెవి పట్టుకుని కిందికి వంచింది.

"గుండె కొట్టుకుంటాంది కదరా. ఇంత సదువుకున్నోనివి, నీకు కనపళ్యా?"