పది షేర్లు ఒకటైన వారం

సహోదరీ సహోదరులారా, కాస్త దగ్గరికి జరిగి కూర్చుని వినండి, గాలిలో తేలే ఓడల మీద నుంచి ప్రభువు మా ఇంటిని ఎలా దించాడో చెబుతాను.

మాది బందరు. మా ఆయన కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువు కౌలుకు చేస్తారు, ఇప్పుడు మా కాపురం ఆ గట్టు పక్కనే. ఎవరో చెబితే ఫోన్లో ఒక విదేశీ ఓడల కంపెనీ షేర్లు కొన్నారు, ఇక అప్పటి నుంచి ఆయన మనసు ఒడ్డున లేదు. చెరువు నీళ్లలో మబ్బుల నీడ చూసి, "అదిగో వసంతా, మన ఓడ!" అనేవారు, నాకూ వరిచేల మీదుగా తెల్లటి ఓడలు సాగిపోతున్నట్టే ఉండేది. ధర మాత్రం దిగిపోతూనే ఉంది, ఆయన తిండి మానేసి ఫోను చూస్తూ కూర్చునేవారు, పిల్లలు పిలిచినా పలికేవారు కాదు. ఆ ధర పెంచు తండ్రీ అని ఉపవాసాలుండి ప్రార్థించాను.

ఒక శనివారం పొద్దున్నే గట్టు మీద నుంచి కేకేశారు, "వసంతా, షేరు పదింతలైందే!" అని. మర్నాడు మందిరంలో లేచి సాక్ష్యం చెప్పి, కానుక వేసి, అందరిచేత స్తోత్రం చెప్పించాను! ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ, "మనవి వెయ్యి షేర్లు కదండీ?" అంటే, ఆయన ఫోను చూసి, "వందే ఉన్నాయి" అన్నారు మెల్లగా. కంపెనీవాళ్లు పదేసి షేర్లు కలిపి ఒకటి చేశారట, అందుకే ఒక్కోదాని ధర అంత కనబడింది, మా సొమ్ము పైసా పెరగలేదు. సిగ్గుతో పాస్టరమ్మగారి దగ్గరికి పరుగెత్తితే ఆవిడ పకపకా నవ్వి, "పోన్లేవే, దేవుడికి అడ్వాన్సు ఇచ్చావనుకో" అన్నారు.

ధర మళ్లీ జారింది. కంపెనీ తనకు డబ్బు కావలసినప్పుడల్లా కొత్త షేర్లు పుట్టించి అమ్ముతోందట. అయినా మా ఆయన, "తగ్గినప్పుడే కొనాలే" అని రొయ్యల మేతకు దాచింది అందులో పెడతానన్నారు. మేత లేకపోతే చెరువు పోతుంది, చెరువు పోతే మాకింకేముంది సహోదరులారా!

ఆ మధ్యాహ్నం బైబిలు ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కునుకు తీశాను. కలలో మంగినపూడి ఒడ్డున పెద్ద ఓడ, లోపల బంతి భోజనాలు, ఒకే గుండిగలో అన్నం. మా ముందు పది విస్తళ్లు. కొత్తవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు, వాళ్లకు పెట్టేకొద్దీ మా విస్తళ్లలో ముద్ద చిన్నదవుతోంది. అప్పుడు వడ్డించేవాడు పది విస్తళ్లలోదీ ఒక్క విస్తట్లోకి ఎత్తి, తొమ్మిదీ పట్టుకుపోయాడు. ఆ కుప్ప చూసి మేం చప్పట్లు కొట్టాం. మళ్లీ జనం ఎక్కడం మొదలైంది!

లేచి నేరుగా చెరువు దగ్గరికి వెళ్లి చెప్పాను.

"కొత్తవాళ్ల డబ్బుతో ఓడలు కొంటారుగా, అన్నం కూడా పెరగదా?" అన్నారాయన.

"పెరిగితే పెరగనీండి, మన విస్తట్లోకి ఎంతొస్తోందో చూడండి."

ఆయన ఫోనులో మా లెక్క ఒకసారి చూసుకుని, దాన్ని గట్టు మీద పెట్టేశారు. గట్టు మీదే ఇద్దరం మోకాళ్లూనాం. "తండ్రీ, ధర పెంచమని ఇక అడగను, నా మనిషిని నాకివ్వు" అన్నాను. ఆమెన్ అన్నది ఆయన గొంతు! అక్కడే మిగిలినవన్నీ అమ్మేసి, ఫోను నా చేతిలో పెట్టి, మేత బస్తాల కోసం బయల్దేరారు.

పోయిన డబ్బు రాలేదు, అబద్ధం చెప్పను. ఆ సాయంత్రం ఆయన తెప్ప మీద మేత చల్లుతుంటే చెరువంతా సన్నగా చినుకులు పడ్డట్టు కదిలింది, గట్టు మీద నుంచి మా చిన్నది "నాన్నా!" అంది, ఆయన మొదటి పిలుపుకే "ఏమ్మా" అన్నారు. దేవునికే మహిమ!

మీ ఇంట్లో పిలిచినా పలకని మనిషి ఉంటే ప్రభువుకు అప్పగించండి, ఆయన వింటాడు. మీ పొయ్యి ఆరకుండా, మీ పిల్లల పిలుపుకు బదులు తప్పకుండా, మీ గడప లోపలి వారందరినీ ఆయన కాచుగాక!