ముఖమూ గొంతూ ఒకే డిస్కులో

మస్తానమ్మది ఉడుంపట్టు. సూళ్లూరుపేట మార్కెట్టులో ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఒకసారి కాదన్నదంటే, బేరగాళ్లు ఆమె రొయ్యల గంప చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేసినా అవుననిపించుకోలేరు. అలాంటి మనిషిని నాలుగేళ్లయినా నిండని కూతురు ఒక్క మాటతో కుదేలు చేసింది.

ఆ సాయంత్రం మస్తానమ్మ పొయ్యి దగ్గర చేపల పులుసు కలియబెడుతోంది. కూతురు వెన్నెల గుమ్మంలో కూర్చుని పాత ఫోనులో వీడియో చూస్తోంది. ఉన్నట్టుండి ఆ పిల్ల అంది కదా, "మా, ఫోను మామ మళ్లీ మాట్లాడతా ఉండాడు."

"ఎవురే ఫోను మామ?"

"ఇదో, దీని లోపలుండాడు. మనిషి కనపడడు, ఒట్టి మాటలే."

మస్తానమ్మ గరిటె వదిలేసి వచ్చి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. ఆ మాటలు పెంచలకృష్ణవి. ఆమె మొగుడు, ఆ పిల్లను కన్న తండ్రి. రెండేళ్ల కిందట పులికాట్ సరస్సులో చేపల వేటకు పోయి, పడవ మీదే పిడుగు పడి చనిపోయాడు. ఆ రోజు ఫోను చార్జింగుకు పెట్టి మరిచిపోయాడు కాబట్టి అదొక్కటీ ఇంట్లో మిగిలింది. దాన్నిండా వీడియోలే. బిడ్డ పాకడం, బిడ్డకు చెవులు కుట్టడం, మస్తానమ్మ చీపురెత్తి కసరడం, అన్నీ తీశాడు మహానుభావుడు. తీసేవాడు తెర మీద ఎలా కనిపిస్తాడు? ప్రతిదాంట్లోనూ వాగుతూనే ఉంటాడు, ఒక్కదాంట్లోనూ కనిపించడు. వేరేవాళ్లు తీసిన ఫోటోల్లో మాత్రం పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతుంటాడు. ఫోటోలకు నోరుండదు కదా!

మస్తానమ్మ ఫోనులోని ఫోటో తెరిచి చూపించి, "ఈయనే మే మాట్లాడేది, మీ నాన్నే" అంది. వెన్నెల పకపకా నవ్వింది. "నాన్న గోడ మీద ఉంటాడు మా. నాన్నకు మాటలు రావు" అంది.

చూశారా ఎంత అన్యాయమో! ముఖం నాన్నదట, గొంతు ఎవరో మామదట. ఒక్క మనిషిని ఆ పసిది రెండు ముక్కలు చేసి కూర్చుంది. తప్పు దానిది కాదు, పాపం. ఆ ముక్కలు కలపాల్సిన పని తనదేనని మస్తానమ్మ ఆ క్షణమే అనుకుంది. తొందర కూడా ఉంది. ఫోను బ్యాటరీ పూరీలా ఉబ్బిపోయి, వెనక మూత ఊడి, రబ్బరుబ్యాండు మీద బతుకుతోంది. రేపో మాపో అని రిపేరు షాపువాడు ఏనాడో చెప్పేశాడు. ఇంట్లో పెంచలకృష్ణ కొన్న డబ్బా టీవీ ఉంది, డిస్కులు ఆడే ప్లేయరుంది. దానికి పెన్‌డ్రైవ్ పెట్టే సందు ఉప్పుగాలికి తుప్పు పట్టింది కానీ డిస్కు మాత్రం ఇంకా శుభ్రంగా మింగుతుంది. ఫోటోలూ వీడియోలూ కలిపి ఒకే డిస్కులో ఎక్కించి, పిల్లకు పెద్ద తెర మీద చూపించాలని తీర్మానించుకుంది.

అత్త కామమ్మకు ఇది బొత్తిగా నచ్చలేదు. "పోయినోడి గొంతు ఇంట్లో మోగితే మంచిది కాదమ్మే. వాడికి శాంతి ఉండదు" అంది.

"కన్నబిడ్డ మామా అని పిలస్తా ఉంటే శాంతిగా ఉంటాడా అత్తా, నీ కొడుకు?"

కామమ్మ గోడ మీది కొడుకు ఫోటో దగ్గరికి పోయి కొంగుతో తుడిచింది.

మర్నాడు రొయ్యలు అమ్ముకుని, ఖాళీ గంప చంకన పెట్టుకుని మస్తానమ్మ సూళ్లూరుపేటలో షాపులన్నీ తిరిగింది. డిస్కు అనగానే కుర్రకారు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకుని నవ్వారు. "డిస్కులు ఇప్పుడెవరు కొడతా ఉండారక్కా? యూట్యూబులో పెట్టుకో, అందరూ చూస్తారు" అన్నాడొకడు. "మా ఆయన్ని ఊరందరికీ చూపించమన్లేదు నాయనా. నా బిడ్డకు చూపించమంటా ఉండా" అని దిగివచ్చేసింది.

చివరికి స్టేషను దగ్గర పెళ్లి ఫోటోలు తీసే చెంచయ్య దొరికాడు. అతని స్టూడియో మూలలో, దుప్పటి కప్పిన పాత కంప్యూటరుకు డిస్కులు రాసే పెట్టె ఇంకా ఉంది. "రెండూ ఒకదాంట్లోకే గదమ్మా, అదెంత పని" అంటూ ఫోనులో ఉన్నదంతా కంప్యూటరులోకి తీసి, డిస్కులోకి దించి చేతిలో పెట్టాడు.

ఇంటికి తెచ్చిన కొత్త వస్తువును ఊరికే వాడే అలవాటు వాళ్ల పల్లెలో లేదు. పడవకైనా, వలకైనా, మిక్సీకైనా ముందు పసుపు, కుంకుమ. డిస్కు వద్దని కోడలిని మందలించినా కామమ్మ ఆ మర్యాద తప్పలేదు. డిస్కును అటూ ఇటూ తిప్పి చూసింది. పేరు రాసిన వైపు వీపు, మెరిసే వైపు ముఖం అని తేల్చుకుంది. బొట్టు ముఖానికే కదా పెట్టేది! నూనెలో తడిపిన పసుపు, దాని మీద నిండుగా కుంకుమ. ప్లేయరు గరగరమని తిప్పి తిప్పి, ఏమీ లేదని చేతులెత్తేసింది.

ఇక మస్తానమ్మ చేతులు ఊరుకోలేదు. జిడ్డు పోవడానికి ఇత్తడి కుందిని ఎలా తోముతారో అలాగే చింతపండు వేసి తోమింది. డిస్కు తళతళలాడింది. అందులోని మనిషి మాత్రం గీతల కింద ఎటుపోయాడో పోయాడు. పోనీ ఫోనుందిలే అనుకుంటే, అదీ ఆ వారంలోనే కన్ను మూసింది. రిపేరు షాపువాడు లోపలంతా చిలుమని తల అడ్డంగా ఊపాడు.

మరొకరైతే నుదుటిరాత అని చాపేసుకుని పడుకునేవారు. మస్తానమ్మకూ భయం వేయకపోలేదు. ఆ భయంతోనే తెల్లారి షేర్ ఆటో ఎక్కి, రొయ్యల గంపతో నేరుగా చెంచయ్య ముందు వాలింది.

చెంచయ్య డిస్కును వెలుగులో పెట్టి చూసి గుండెలు బాదుకున్నాడు. "చింతపండుతో తోమినావా తల్లీ! ఇదేమన్నా దీపపు కుందా?"

"తెలీక చేసినాలే అన్నా. మళ్లీ ఒకటి ఎక్కించు. ఫోను కూడా పోయింది, నీ దగ్గరున్నదే దిక్కు."

చెంచయ్య ముఖం పాలిపోయింది. "ఆడబిడ్డలుండే బొమ్మలు నా దగ్గర పెట్టుకోనమ్మా. ఏ రోజుకారోజు తీసేస్తా" అని గొణుగుతూనే మౌసు పట్టుకుని వెతకసాగాడు. మస్తానమ్మ తెరకు కళ్లప్పగించి నిలబడింది. ఇలవేల్పులందరికీ మొక్కేసింది.

"ఉండాయి! చెత్తబుట్టలో ఉండాయి."

"నా మొగుణ్ణి చెత్తబుట్టలో ఏసినావా అన్నా!"

"ఆ బుట్ట ఖాళీ చెయ్యలా గాబట్టే దొరికినాడు, సంతోషపడు." చెంచయ్య నవ్వేసి ఇంకో డిస్కు తీశాడు.

మస్తానమ్మ అతని చెయ్యి ఆపింది. దారి పొడుగునా ఆమె ఇదే ఆలోచించింది. ఆ మొదటి డిస్కు ఆడినా ఒరిగేదేముంది? ఫోటోలు ఒక పక్క, వీడియోలు ఒక పక్క. పిల్లకు మళ్లీ ఇద్దరు మనుషులే. "ఈసారి అట్టా కాదన్నా. టీవీలో ఆయన ముఖం కనపడతా ఉండాల, అదే టయానికి ఆయన గొంతు ఇనపడాల. రెండూ విడిగా వద్దు" అంది.

"అది ఎక్కించే పని కాదమ్మా, పెళ్లి సినిమా చేసినంత పని. ముహూర్తాలు అయిపోనీ, వచ్చే నెల చూస్తాం."

 మస్తానమ్మ గంప గుమ్మానికి అడ్డంగా దించి, దాని పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎండెక్కింది. రొయ్యల వాసన స్టూడియో అంతా కమ్ముకుంది. పాస్‌పోర్టు ఫోటోకని వచ్చినాయన ముక్కు మూసుకుని అట్నుంచటే వెళ్లిపోయాడు.

"ఏందమ్మా ఈ దౌర్జన్యం?"

"నేనేం చేసినాన్నా? కూర్చోనుండా. నువ్వు మొదలుపెడితే గంప తీస్తా."

చెంచయ్య రెండు చేతులూ జోడించాడు. గంప బయటికి పోయింది, మస్తానమ్మ అతని పక్క కుర్చీలోకి వచ్చింది. ఇక చూడండి ఆమె పెత్తనం! ఎగతాళి మాటకు తలగుడ్డ చుట్టుకున్న ఫోటో కావాలంది. మెల్లగా మాట్లాడిన చోట బిడ్డను ఎత్తుకున్నది పెట్టమంది. ఒకచోట గొంతు నవ్వుతూ, ఫోటోలో మూతి ముడుచుకుని ఉంటే, "ఇది అతకలా, తియ్" అని మళ్లీ తీయించింది. విసుక్కుంటూ మొదలుపెట్టిన చెంచయ్య పోనుపోను తనే, "ఈ ముఖమైతే ఇంకా బాగుంటాదమ్మా" అనడం మొదలుపెట్టాడు. రొయ్యలు ఆ పూటకు చెడిపోయాయి. పోతే పోనీ అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం టీవీ ముందు ముగ్గురూ కూర్చున్నారు. ప్లేయరు డిస్కును మింగింది. తలగుడ్డతో పెంచలకృష్ణ తెర నిండా ప్రత్యక్షమయ్యాడు. "ఏయ్ మస్తానూ, పులుసులో ఉప్పేసినావా, ఉప్పులో పులుసేసినావా?" కొడుకు గొంతు చెవిన పడగానే "నాయనా!" అంటూ కామమ్మ నేలకు అతుక్కుపోయింది. వెన్నెల మాత్రం ఆ మాటలు ఎక్కడినుంచి వస్తున్నాయా అని తల్లి ఒడిలో, చాప కింద వెతికింది. తర్వాత టీవీ వైపు చూసింది. కదలకుండా చూసింది.

ఫోటో మారింది. ఈసారి పెంచలకృష్ణ ఎదురుగా, సూటిగా చూస్తున్నాడు. పళ్లు కూడా రాని బిడ్డను ఆడిస్తూ ఎప్పుడో అడిగిన మాట అది. అప్పుడు ఆ బిడ్డ చొంగ కార్చుకుంటూ చూసిందే తప్ప బదులు చెప్పలేదు.

"వెన్నెలా, ఓ వెన్నెలా! నాన్న ఎవురమ్మా? చెప్పు బంగారూ, నాన్న ఎవురు?"

వెన్నెల లేచి టీవీ దగ్గరికి నడిచింది. ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా నిలబడి ఆ ముఖాన్ని ఎగాదిగా చూసింది. వేలెత్తి అతని బుగ్గ మీద పెట్టింది.

"నువ్వే గదా!" అంది, ఆ మాత్రం తెలీదా అన్నట్టు విసుగ్గా.

మొగుడు పోయాక మస్తానమ్మ గొంతెత్తి ఏడ్చింది ఆ రోజే.