పేరు అడగకుండా చెప్పిన మాట

ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీలో చేరిన కొత్తలో హోసూరులో ఒక రద్దీ ఆసుపత్రిలో పని చేస్తున్నాను. ఒక మధ్యాహ్నం రెండు బైక్ ప్రమాదాల కేసులు ఒకేసారి వచ్చాయి. ఎంత ప్రయత్నించినా ఒకతను దక్కలేదు.

బయటికి వచ్చి, "యాక్సిడెంట్ అయినాయన వాళ్ళు ఎవరమ్మా?" అని అడిగాను. వేప్పనపల్లి నుంచి వచ్చిన ఒకామె లేచింది. పేరైనా అడగకుండా, "మీ ఆయన పోయినారమ్మా" అనేశాను. ఆమె నేల మీద కూలబడింది.

అప్పుడే మందులు కొనుక్కొని వచ్చిన ఇంకొకామె ఆమెను గుండెకు హత్తుకుంది. "ఏడవద్దమ్మా, నేనుండాను కదా" అని ఓదార్చసాగింది.

నర్సు పరుగున వచ్చి నా చెవిలో, "మేడమ్, ఏడ్చే ఆయమ్మ భర్త ఎక్స్‌రే రూములో ఉండాడు, బాగుండాడు. పోయింది మందులు తెచ్చినామె భర్త" అంది.

ఏడుస్తున్నామెకు చేతులు జోడించి, ఆమె భర్త బతికే ఉన్నాడని చెప్పాను.

"దేవుడు నీ పక్కనే ఉండాడు సూడమ్మా!" అంటూ రెండో ఆమె సంతోషంగా నవ్వింది. నా వైపు తిరిగి, "మా ఆయనకి ఈ మందు ఎప్పుడెయ్యాలమ్మా?" అని అడిగింది.

ఆమెను కూర్చోబెట్టి, పోయింది ఆమె భర్తేనని చెప్పాను. మొదటి ఆమె తన భర్త దగ్గరికి పోకుండా, ఆమెను పట్టుకుని అక్కడే ఉండిపోయింది.

ఇద్దరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు ఇంత సిగ్గు మిగిలేది కాదేమో.