పైకప్పు లేని గుడి ముందు బూట్లు

ఐర్లండ్‌లోని కెర్రీలో శిథిలమైన మఠాలు చూపించే టూర్ బస్సులో, నా పక్కసీటు ఐరిష్ పెద్దాయన దారంతా నా కొత్త తోలు బూట్లనే చూశాడు. మర్నాటి ఇంటర్వ్యూకి నాకు అవే దిక్కు. పైకప్పు లేకపోయినా గుడి గుడే కదా అని, అలవాటుగా గుమ్మం దగ్గర విప్పి లోపలికెళ్ళాను. ఇక్కడి సన్యాసులు స్పెయిన్ ఓడలెక్కి ఎక్కడెక్కడో క్రైస్తవ మిషన్లు కట్టారని గైడు చెబుతుండగా వాన మొదలైంది.

బయటికి పరిగెత్తాను. బూట్లు లేవు, పెద్దాయనా లేడు. తిరుమలలో కూడా చెప్పులు పోగొట్టుకోనివాణ్ని, తడి సాక్సులతో బస్సెక్కాను. ఆయన తడిసిన చొక్కాతో వణుకుతున్నాడు. ఒళ్ళో చుట్టిన కోటు, అందులో నా బూట్లు.

"ఈ తోలుకి మా వాన పడదని బస్సులోనే అనుకున్నా. ఏం కాలేదులే, గ్రాండ్!" అన్నాడు, బాగానే ఉన్నాయన్నట్టు.

ఉద్యోగం రాలేదు, అందులో బూట్ల తప్పేం లేదు. ఇప్పటికీ ఎవరైనా నా బూట్లకేసి చూస్తే, ముందు ఆకాశంకేసి చూస్తాను.