ఆదివారపు ఏసీ

మా వంటింట్లో గరిటె కోసం చెయ్యి పెడితే స్పానరు తగిలేది. దీని మీద నాకు ఇప్పటికీ చిన్న ఫిర్యాదుంది.

ఆ స్పానరు నాన్నది. జేకేపూర్ కాగితం మిల్లులో ఫిట్టరుగా రిటైరై రాయగడలో ఇల్లు తీసుకున్నప్పుడు, మిల్లు గెస్ట్‌హౌస్ వాళ్లు పారేయబోయిన కిటికీ ఏసీని వెంట తెచ్చుకున్నాడు. ప్రతి ఆదివారం దాన్ని విప్పి, జాలీ కడిగి, నా పాత టూత్‌బ్రష్‌తో సందుల్లో దుమ్ము తీసి, మళ్లీ బిగించేవాడు. వోల్టేజీ చాలదు కాబట్టి అది నడవాలంటే ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపేవాళ్లం. గది చల్లబడిందని అందరం మర్యాదకి ఒప్పుకునేవాళ్లం.

ఎనభైల చివర్లో నాకు ఉద్యోగం వచ్చింది. విశాఖపట్నం నుంచి కొత్త ఏసీ తెస్తానన్నాను.

"దీనికేటైందిరా? ఇంకో పదేళ్లు ఆడతాది," అన్నాడు నాన్న, దాని నెత్తి మీద చెయ్యి వేసి.

ఆ ఏసీ మోతకి తలనొప్పి వస్తోందని ఏళ్లుగా సణుగుతున్నది అమ్మే. నా పక్షాన ఉంటుందనుకుని వంటింట్లోకి వెళ్లాను. అమ్మ పోపు కలుపుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"కొత్తది తేకు. అది పాడవదు. అప్పుడింక ఆదివారం పొద్దస్తమానం మీ నాన్న నా వంట రిపేరు సేత్తారు."